పేరెవ్వరి సొత్తు?

సరకు చేయువాడొకడు, దానికి పేరు పెట్టువాడు వేరొకడు. ఇందు దోషమేమియు లేదు. వడ్రంగి చేసిన నాగలికి కమ్మరి కర్రు వేయుట లేదా? కాని కర్రు వేసినంత మాత్రమున నాగలి తనదని కమ్మరి యేనాడును అనలేదు. నేడు చిన్న వర్తకులకు పేర్లు పెట్టి, చిహ్నములు గీసి, ప్రకటనలు వ్రాసిపెట్టు సంస్థలు కొన్ని ఆ మాటనే, నోటితో గాక కాగితముతో, అనుచున్నవి. ఆ కాగితమును చదువకయే సంతకము చేయుచున్న వర్తకుని మేలుకొల్పుటయే ఈ వ్యాసమునందు మా యుద్దేశము.

ఆత్రేయపురమున పూతరేకులు చుట్టు స్త్రీలు, పోచంపల్లిలో చిటికి కట్టు నేతగాండ్రు, ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేయు పనివారు, గానుగనూనె తీయువారు, ఆవకాయ కలుపువారు, వీరందరి సరకును ఒకప్పుడు సంతలోను, తిరునాళ్లలోను, తెలిసినవారి యిండ్లలోను చెల్లెడిది. నేడు ఫోనుతెరపై చెల్లుచున్నది. తెరపై చెల్లవలెనన్న పేరు కావలెను, లోగో యని పిలుచు చిహ్నము కావలెను, పొట్లము కావలెను, ఛాయాచిత్రములు కావలెను, ఇన్‌స్టాగ్రాములో రోజున కొక బొమ్మ కావలెను. ఇవన్నియు చేసిపెట్టుదుమని హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములయందు క్రియేటివ్ ఏజెన్సీలు వెలసినవి. చిన్న వర్తకుడు తన లాభములో కొంత భాగమును, ఒక్కొక్కప్పుడు లాభము రాకమునుపే అప్పు తెచ్చిన సొమ్మును, వారి చేతిలో పెట్టుచున్నాడు.

ఇది వ్యర్థవ్యయమని తీర్పు చెప్పు పెద్దలు కొందరున్నారు. మంచి సరకునకు ప్రకటన యేల, మల్లెపువ్వు తన వాసనను తానే చాటుకొనదా యని వారి వాదము. మల్లెవాసన వీధి మలుపు వరకే పోవును. ఊరిలో కొనువాడు అమ్మువాని ముఖము నెరుగును. ఆ ముఖమే సరకునకు హామీ. కాకినాడలో చేసిన వస్తువును కూకట్‌పల్లిలోనో, కడలికావల డాలస్‌లోనో తెప్పించుకొనువాడు ఎవ్వరి ముఖమును చూచి కొనవలెను? ముఖము చేరని చోటికి పేరే చేరవలెను. పేరు నిలిచిన కొలది హామీ నిలుచును. ప్రకటనను ఈసడించుట నిరాడంబరత కాదు. మార్కెట్టును పెద్ద కంపెనీలకు ఉచితముగా నప్పగించుటయే.

ఈ విషయమున తెలుగువారికి పరదేశపు పాఠము లక్కరలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిరి. సంగీతసభలలో దానిని ఉచితముగా పంచిపెట్టి జనులకు అలవాటు చేసిరి. రాగము వినుటకు వచ్చినవాడు తలనొప్పికి మందు చేతబట్టుకొని యింటికి పోయెడివాడు. మరునాడు దుకాణమునకు పోయి ఆ పేరునే చెప్పి యడిగెడివాడు. పేరు ఏ ప్రాంతమువాడైనను పలుకగలిగినది. అర్థము పేరులోనే యున్నది. ఆ మందుపై వచ్చిన ఆదాయమే 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగను, 1914లో మదరాసునుండి దినపత్రికగను నడిపించినది. 1924లో భారతి మాసపత్రికకు ఊపిరిపోసినది. ప్రకటన నీచవృత్తి యనువారు, తెలుగు పత్రికారచన కొక మహాస్తంభము చక్కగా ప్రకటింపబడిన మందుసీసాపై నిలిచినదని జ్ఞాపకముంచుకొనవలెను. మందు పంతులుగారిది; పేరును పంతులుగారిదే. ఆ రెండును ఒకే చేతిలో నుండుటచేతనే ఆ ధనమును ఆయన తన యిచ్చ వచ్చిన దేశకార్యమునకు వినియోగింపగలిగిరి.

మరి రెండు నిదర్శనములు చాలును. 1959లో బొంబాయి గిర్గాములో ఏడుగురు స్త్రీలు ఎనుబది రూపాయలు అప్పు తెచ్చి అప్పడములు చేయ మొదలిడిరి. 1962లో తమ సరకునకు పేరు కావలసి పోటీ పెట్టి, అయిదు రూపాయల బహుమానముతో లిజ్జత్ అను పేరును సంపాదించిరి. అయిదు రూపాయల పేరు నేడు దేశమంతట తెలియును; అది ఆ స్త్రీల సంస్థకే చెందియున్నది. గుజరాతులో 1946లో ఏర్పడిన ఖేడాజిల్లా పాల ఉత్పత్తిదారుల సహకారసంఘము అమూల్ పేరును సంపాదించుకొన్నది. 1966లో సిల్వెస్టర్ డకూన్హాగారి ప్రకటనసంస్థ ఆ వెన్నకు చుక్కల గౌనుబాలికను సృష్టించి యిచ్చినది. దశాబ్దములుగా ఆ బాలిక చమత్కారములాడుచునే యున్నది. గీసినవారు కళాకారులు, వ్రాసినవారు హాస్యప్రియులు; పేరునకు మాత్రము పాడిరైతుల సహకారవ్యవస్థయే యజమాని. ఏజెన్సీకి కీర్తి, ప్రతిఫలము, రైతునకు పేరు. న్యాయమైన ఒప్పందమన నిట్లుండవలెను.

కావున మా వాదము ఏజెన్సీలపై కాదు. మంచి ఏజెన్సీ చేయు పని గొప్పది. మొదట సరకును రుచి చూచును. కొనువారెవ్వరో, ఎందుకు కొనుచున్నారో విచారించును. వర్తకుడు తన సరకులో సామాన్యమని తలచిన గుణమునే విశేషమని పట్టుకొనును. ఇదివరలో ఎవ్వరును రిజిస్టరు చేయని పేరును వెదకి పెట్టును. దూరప్రయాణమున కారని సీసాను, చిరుగని పొట్లమును సూచించును. ఏ బజారులో సొమ్ము వెచ్చింపవలెనో, అంతకంటె ముఖ్యముగా ఎచ్చట వెచ్చింపరాదో చెప్పును. ఇట్టి సలహా వైద్యుని సలహావంటిది. దాని కిచ్చిన రుసుము దండుగ కాదు.

మా యాక్షేపణ ఒప్పందపత్రముపైన. ఒక పచ్చళ్ల తయారీదారును ఊహింతము. ఆయన ఏజెన్సీకి సొమ్ము చెల్లించినాడు, చిహ్నము వచ్చినది, మూడేండ్లు వ్యాపారము సాగినది. పిమ్మట వేరొక ఏజెన్సీకి మారదలచినాడు. అప్పుడు మొదటి ఏజెన్సీ తాఖీదు పంపును: బొమ్మ మాది, వ్రాసిన మాటలు మావి, మీకు వాడుకొనుటకు అనుమతి మాత్రమే యిచ్చితిమి అని. సొమ్మిచ్చి గీయించుకొన్న బొమ్మ నాది కాదా యని ఆయన విస్తుపోవును. చట్టము నడిగిన, కాకపోవచ్చునని చెప్పును.

1957 నాటి కాపీరైటు చట్టములో 17వ సెక్షను ప్రకారము కృతికి ప్రథమ యజమాని దాని కర్త. జీతమిచ్చి పెట్టుకొన్న ఉద్యోగి తన ఉద్యోగములో భాగముగా చేసినచో హక్కు యజమానిది. బయటివానికి సొమ్మిచ్చి చేయించుకొన్నప్పుడు సొమ్మిచ్చినవానికి హక్కు వచ్చునది ఛాయాచిత్రము, వర్ణచిత్రము, రూపచిత్రము, చెక్కడము, చలనచిత్రము మొదలగు కొన్నింటి విషయముననే. కంప్యూటరుపై గీసిన చిహ్నముగాని, ప్రకటనకై వ్రాసిన వాక్యములుగాని ఆ పట్టికలో స్పష్టముగా లేవు. కావున అవి వర్తకునివి కావలెనన్న లిఖితపూర్వకమైన బదిలీ కావలెను. 19వ సెక్షను ఇంకను సూక్ష్మమైనది. బదిలీపత్రము వ్రాతమూలకముగా నుండి, హక్కుదారుని సంతకము కలిగియుండవలెను. కాలపరిమితి వ్రాయనిచో అయిదేండ్లే యని అర్థము. ప్రాంతము వ్రాయనిచో భారతదేశమే యని అర్థము. అమెరికాలోని బంధువుల ద్వారా సరకు పంపుచున్న వర్తకుడు ఈ రెండు వాక్యములను పదేపదే చదువుకొనవలెను. వ్రాయని ఒక్క పంక్తి ఆయన చిహ్నమును ఆరవ యేట ప్రశ్నార్థకము చేయును. సముద్రము దాటిన వెంటనే చేయును.

వాడుకచేత ట్రేడుమార్కు హక్కు నాకు వచ్చినది గదా యని వర్తకుడు అనవచ్చును. నిజమే, వాడుకకు చట్టమున గౌరవము కలదు. కాని పేరుపై హక్కు ఒకనిది, ఆ పేరును వ్రాసిన బొమ్మపై హక్కు మరియొకనిది యైనప్పుడు, ఒకే తలుపునకు రెండు తాళములు పడినట్లే. రిజిస్ట్రేషను విషయమునను జాగ్రత్త యవసరము. 1999 నాటి ట్రేడుమార్కుల చట్టము ప్రకారము రిజిస్ట్రేషను పదేండ్లు చెల్లును, ఆపై పునరుద్ధరింపవచ్చును. 2017 నాటి నిబంధనలలో ఇంటర్నెట్టు ద్వారా చేయు దరఖాస్తునకు వ్యక్తులకును చిన్న సంస్థలకును రుసుము రు. 4500, పెద్ద కంపెనీలకు రు. 9000. ఒక పండుగ ప్రకటనకు పెట్టు ఖర్చు కంటె ఇది తరచుగా తక్కువే. అయినను ఈ పనిని సైతము ఏజెన్సీకే విడిచి, దరఖాస్తులో యజమాని యను గడిలో ఎవ్వరి పేరు వ్రాసిరో చూడనివారు కలరు. భూమి కొన్నవాడు పట్టా ఎవ్వరి పేర నున్నదో చూడక నిద్రించునా?

పట్టా వంటివి ఇంకను కలవు. వెబ్‌సైటు పేరు ఎవ్వరి ఖాతాలో రిజిస్టరైనది? ఇన్‌స్టాగ్రాము పుటకు ఎవ్వరి ఫోను నంబరు, ఎవ్వరి ఈమెయిలు జతపడియున్నవి? కొనుగోలుదారుల పేర్లు, నంబర్లు ఎవ్వరి పుస్తకమున నున్నవి? రహస్యపదము ఏజెన్సీలోని యొక యువకుని జేబులో నున్నంత కాలము, ఆ దుకాణపు తాళముచెవి అతని జేబులో నున్నట్లే. అతడు మంచివాడే కావచ్చును. అతడు ఉద్యోగము మానిన నాడు ఏమగును?

ఇక పేరుపెట్టు విద్యలోని లోపము. మనవారు అనాదిగా సరకును ఊరిపేరుతో పిలిచిరి: బందరు లడ్డు, ఆత్రేయపురపు పూతరేకు, పోచంపల్లి చీర. ఇది అందమైన యాచారము. ఒక్కొక్క పేరు వెనుక ఒక ఊరి శ్రమయంతయు నున్నది. తొందరపాటు ఏజెన్సీ ఈ పేరునకే ఒక విశేషణము తగిలించి, ఇదే మీ బ్రాండని చేతిలో పెట్టును. సరకు రకమును, గుణమును, పుట్టినచోటును మాత్రమే తెలుపు మాటలను ఒక్కని ట్రేడుమార్కుగా రిజిస్టరు చేయుటకు 9వ సెక్షను సాధారణముగా ఒప్పుకొనదు. వర్తకుడు సొమ్మిచ్చి కొన్నది తాను రక్షించుకొనలేని పేరు. పక్కవీధివాడు అదే మాటను అదే యెఱుపురంగులో వ్రాసికొన్నను, అడ్డగించుట దుర్ఘటము.

ఊరిపేరునకు వేరొక రక్షణ కలదు. భౌగోళిక సూచికల చట్టము 2003 సెప్టెంబరులో అమలులోనికి వచ్చినది. పోచంపల్లి ఇక్కత్తుకు 2005లోను, బందరు లడ్డుకును ఏటికొప్పాక బొమ్మలకును 2017లోను, ఆత్రేయపురపు పూతరేకులకు 2023లోను ఆ గౌరవము లభించినది. ఈ సూచికను ఎవ్వరును అమ్మరాదు, బదిలీ చేయరాదు, తాకట్టు పెట్టరాదని 24వ సెక్షను చెప్పుచున్నది. చట్టములో ఇంత చక్కని వాక్యము మరియొకటి అరుదు. ఊరిపేరు ఊరిదే, ఏ ధనికుడును కొనలేడు. కాని ఆ సూచికను వాడుకొనదలచిన పనివాడు అధీకృత వినియోగదారుగా తన పేరు నమోదు చేసికొనవలెను. ఊరిపేరు అందరిదిగా ఉంచి, దాని ప్రక్కన తనదగు ప్రత్యేకనామమును నిలుపుకొనుటయే సరియైన మార్గము. మొదటిది గోత్రము, రెండవది నామధేయము. ఏజెన్సీ ఈ భేదమును వర్తకునకు చెప్పనిచో, దాని సలహా సగము సలహా.

భాషను గూర్చి చెప్పక తప్పదు. తెలుగువాడు తెలుగువానికి అమ్ము పచ్చడిసీసాపై తెలుగక్షరమొక్కటియు నుండదు. ఎందుకని యడిగిన, చట్టమట్లున్నదందురు. ఆహారపదార్థముల లేబులుపై వివరములు ఇంగ్లీషులోనో, దేవనాగరి లిపిలో హిందీలోనో ఉండవలెనని నియమమున్నమాట వాస్తవమే. అదనముగా మరి యే భాషనైనను వాడుకొనుటకు ఆ నియమమే అనుమతించుచున్నది. కావున తెలుగును తొలగించినది చట్టము కాదు, ఏజెన్సీ అభిరుచి. తెలుగున అందమైన అచ్చక్షరములు లేవను సాకును చెల్లదు. గురజాడ, సురవరం, రామభద్ర, మల్లన్న మొదలగు పేర్లతో తెలుగు ఫాంటులు ఎవ్వరైనను ఉచితముగా వాడుకొనునట్లు గూగుల్ ఫాంట్సులో లభించుచున్నవి. ఆలోచన ఇంగ్లీషున పుట్టి, మాటకు మాట తెలుగులోనికి దింపబడుటచేత మన ప్రకటనలు అద్దెకోటు వేసికొన్న పెండ్లికొడుకువలె నున్నవి. తిరునాళ్లలో గాజులమ్మువాని కేకలో నున్న లయ, సినిమా వాల్‌పోస్టరు వ్రాసినవాని అక్షరములో నున్న పొగరు, వీనిని వదలుకొని ఏ దేశపు నమూనాను ఏరుకొందుము?

కడపటి దోషము అసత్యము. అమ్మమ్మ చేతివంట యని వ్రాసిన సీసాలోని పచ్చడి యంత్రమున కలిసినది; చేనేత యని చూపిన చీర మిల్లులో అచ్చుపడినది. ఇది చమత్కారము కాదు, మోసము. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 21వ సెక్షను క్రింద తప్పుదారి పట్టించు ప్రకటనకు పదిలక్షల రూపాయల వరకును, మరల చేసినచో ఏబదిలక్షల వరకును జరిమానా విధింపవచ్చును. 2022 జూనులో వెలువడిన మార్గదర్శకములు ఏజెన్సీలకును వర్తించును. అయినను ముందు తాఖీదు వచ్చునది సాధారణముగా సరకు యజమానికే. పేరు చెడునదియు ఆయనదే. మిల్లుగుడ్డకు చేనేతమాట అతికించినప్పుడెల్ల ఒక మగ్గము కూలి తగ్గుచున్నదని ఆ మాట వ్రాయువాడు తెలిసికొనవలెను.

మా మాటలకు ఏజెన్సీవారు చెప్పు సమాధానమును విందము. వర్తకులు పని చేయించుకొని సొమ్మెగగొట్టుదురు, హక్కు మా చేతిలో లేనిచో మాకు దిక్కేమి యని వారందురు. ఈ ఫిర్యాదులో నిజమున్నది. చిత్రకారుని శ్రమను ఉచితమని తలచు వర్తకులు తక్కువగా లేరు. దానికి మందు సులభము. సొమ్ము పూర్తిగా చెల్లిన నాడే హక్కు బదిలీ యగునని వ్రాసికొనుడు. చెల్లనంతవరకు మీది, చెల్లిన పిమ్మట వారిది. ఇద్దరికిని న్యాయము. సొమ్ము పూర్తిగా పుచ్చుకొనియు హక్కును మిగుల్చుకొనుట మాత్రము ఆత్మరక్షణ కాదు, వర్తకుడు ఎక్కడికిని పోకుండ కట్టివేయుట.

చిన్నవానికి ఇన్ని షరతులు పెట్టు బలమెక్కడిది యని మరికొందరందురు. ఒంటరిగా లేదు. పదిమంది నేతగాండ్రో, పూతరేకుల సంఘమో, స్వయంసహాయక బృందమో కలసి ఒకే ఒప్పందపత్రమును వ్రాయించుకొని, దానికి ఒప్పుకొన్న ఏజెన్సీకే పని యిచ్చినచో బలము దానంతట వచ్చును. లిజ్జత్ స్త్రీలు ఏడుగురే గదా!

చిన్న వర్తకుడు సంతకమునకు ముందు అడుగవలసినవి అయిదు మాటలు. చిహ్నము, వ్రాత, ఛాయాచిత్రము, అన్నింటిపై హక్కు శాశ్వతముగను, ప్రపంచమంతటను నాకు బదిలీ యగునని వ్రాసితిరా? ట్రేడుమార్కు దరఖాస్తు నా పేరనే యున్నదా? వెబ్‌సైటు, ఖాతాలు, కొనుగోలుదారుల జాబితా నా చేతిలో నున్నవా? మీరు వాడిన ఫాంటులకు, బొమ్మలకు అనుమతిపత్రములున్నవా? లేబులుపై నా భాష యున్నదా? ఈ అయిదింటికిని ఔనని చెప్పు ఏజెన్సీ మిత్రుడు. దానికి అడిగిన రుసుమును బేరమాడక యిండు. ఒక్కదానికైనను నీళ్లు నమలునది ఎంత అందమైన బొమ్మ గీసినను దానికి నమస్కారము చేసి బయటికి రండు.

ఏజెన్సీలను నడుపు యువకులకును ఒక మాట. మీరు చదివిన చదువు, మీ కంటిచూపు ఈ దేశమునకు కావలెను. మూరుమూల గ్రామములోని చేతికి నగరములోని కంటిని మీరు చూపగలరు. మీ పేరు మీ పనివలన నిలువనిండు, పరుల పేరుపై తాళము వేసికొని కాదు.

పేరు అనునది పొట్లముపై రంగు కాదు. ఇరువదియేండ్లు కల్తీలేక అమ్మిన నిజాయితీ గడ్డకట్టి పేరగును. తండ్రి బిడ్డకు పొలము మిగిల్చినను మిగుల్పకున్నను, పేరు మిగుల్చును. ఆ పేరును పొరబాటు సంతకముతో పరుల పాలు చేయుటకు ఏ తండ్రికిని అధికారము లేదు. సరకు మనది, చెమట మనది. పేరును మన యింటనే యుండవలెను.